దోమకు కులం లేదు, గుంతకు ఉన్నది

"మీ వాడోళ్లు సుబ్బరంగ ఉండరు. ఆ మోరీలు చూడుండ్రి ఎట్లున్నయో. జరాలు రాక ఇంకేమొస్తయ్?"

పోయిన వానకాలం మా వాడకు వచ్చిన ఒక సారు అన్న మాట ఇది. ఆయన పేరు ఇక్కడ అవసరం లేదు. ఎందుకంటే ఇది ఆయన ఒక్కడి మాట కాదు. ఏ ఊర్లో జరాలు లేచినా, ఏ పెద్దమనిషి గద్దె మీద కూర్చొని నీతులు చెప్పినా ఇదే మాట. దళితవాడలో మలేరియా వచ్చిందంటే దళితులు మురికిగా ఉంటారు కాబట్టే వచ్చిందట. తరతరాలుగా మన మీద వేసిన మురికి ముద్రకు ఇప్పుడు డాక్టరు కోటు తొడిగి మళ్లీ మన మీదికే తోలుతున్నారు.

సారు మాట్లాడుతున్నప్పుడు ఆయన వెనకాల నాలుగడుగుల దూరంలో ఒక గుంత ఉంది. రోడ్డు ఎత్తు చేయడానికి కాంట్రాక్టరు మట్టి తీసుకపోయిన గుంత. మొదటి వానకే నిండింది. నీళ్లు అద్దం లెక్క తేటగా ఉన్నాయి. ఆకాశం కనపడుతున్నది. మా పిల్లలు అందులో ఈత కొడుతున్నారు. సారు ఆ గుంత దిక్కు చూడలేదు. మోరీ దిక్కే చూసిండు. మురికి వెతకడానికే వచ్చిన కండ్లకు మురికి ఒక్కటే కనపడుతది.

అసలు ముద్దాయి ఆ గుంత. మోరీ కాదు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ సంగతి చెప్పడానికే.

మురికిలో పుట్టని దోమ

దోమలన్నీ ఒకటి కావు. మన ఇండ్ల చుట్టూ తిరిగే వాటిలో మూడు జాతులను మనం గుర్తుపట్టాలి. గుర్తుపడితేనే ఎవరి పాపం ఎవరి నెత్తిన పెడుతున్నారో అర్థమైతది.

ఒకటి మోరీ దోమ. దీన్ని క్యూలెక్స్ అంటారు. మురికి కాల్వల్లో, నిండి పొర్లే సెప్టిక్ ట్యాంకుల్లో, నల్లనీళ్ల మడుగుల్లో పెరుగుతుంది. బోదకాలు తెచ్చేది ఇదే. మలేరియా మాత్రం తేదు.

రెండోది నల్లటి ఒంటి మీద తెల్ల చారలుండే ఏడిస్ దోమ. పగటి పూట కుడుతుంది. గోళెంలో, డ్రమ్ములో, పాత టైరులో, కూలర్‌లో, కొబ్బరి చిప్పలో నిలిచిన నీళ్లలో పెరుగుతుంది. డెంగీ, చికున్‌గున్యా దీని పని.

మూడోది అనాఫిలిస్. మలేరియా తెచ్చేది ఇది ఒక్కటే. అందులోనూ ఆడదోమ. పొద్దుగూకినంక మొదలుపెట్టి తెల్లారే దాకా కుడుతుంది. గుడ్లు పెట్టడానికి ఇది వెతికేది మురికినీళ్లను కాదు. చాలావరకు తేట నీళ్లనే వెతుకుతుంది. కదలకుండా, మెల్లగా, ఎండ తగిలేటట్టు ఉన్న నీళ్లంటే దీనికి పాణం.

మన పల్లెల్లో మలేరియాను మోసే ముఖ్యమైన అనాఫిలిస్ పేరు క్యూలిసిఫేసిస్. వాన నీటి గుంతలు, కాల్వ పక్కన ఊరే ఊటనీళ్లు, వాగు ఎండుతున్నప్పుడు ఇసుకలో మిగిలిన మడుగులు, వాడకం లేని బావులు, కొత్తగా నాటేసిన వరిమడులు దీని పుట్టిళ్లు. పట్నంలో ఉండే అనాఫిలిస్ పేరు స్టెఫెన్సీ. మూతలేని నీళ్ల ట్యాంకులు, బావులు, కట్టే బంగ్లాల దగ్గర నిలవుండే నీళ్లు దాని జాగాలు. గుట్టలు, అడవి ఉన్న దిక్కు ఫ్లూవియాటిలిస్ అని ఇంకొకటి ఉన్నది. మెల్లగా పారే ఒర్రెల అంచున, గడ్డి మాటున అది పెరుగుతుంది.

చూడండి. గుంత, కాల్వ, వాగు, బావి, వరిమడి, ట్యాంకు, ఒర్రె. ఇందులో మన ఇంటి మురికి ఎక్కడ ఉన్నది? మరి మలేరియా వచ్చినప్పుడల్లా మన మోరీ మీద పడి ఏడుస్తరెందుకు?

మోరీ తీయొద్దని నేను అనడం లేదు. మోరీ తీయాల్సిందే. బోదకాలు రాకుండా, కలరా రాకుండా, మనిషి మనిషిలా బతకడానికి తీయాల్సిందే. అది మన హక్కు. కానీ మోరీ తీసి, దాని పక్కన బ్లీచింగ్ పొడి చల్లి, ఫోటో దిగి పోతే మలేరియా పోదు. రోగం ఒకటి, మందు ఒకటి. నింద మాత్రం ఎప్పుడూ మన మీదనే.

అణాకొక దోమ కాటు

ఈ దోమ గుట్టు బయటపడింది మన తెలంగాణ గడ్డ మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే ఇంగ్లీషు సైనిక డాక్టరు, రోగిని కుట్టిన దోమ కడుపు కోసి చూసి అందులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అంతకుముందు జనం మలేరియాను చెడుగాలి వల్ల వచ్చే రోగమనుకునేవారు. మలేరియా అనే పేరుకు అర్థమే చెడుగాలి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. బేగంపేటలో ఆయన పేరు మీద భవనం ఉంది.

ఆ దోమలకు తన ఒంటిని అప్పజెప్పిన రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారు. పది దోమలు కుట్టినందుకు పది అణాలు. నోబెల్ ఒకరికి, కాటు ఒకరికి. పేదోడి ఒళ్లు లేకుంటే సైన్సు ముందుకు నడవలేదు. ఆ సైన్సు ఫలం పేదోడి వాడకు వచ్చేసరికి మాత్రం నూటా ఇరవై ఏండ్లు దాటినా "మీరు సుబ్బరంగ ఉండరు" అనే తిట్టుగానే వస్తున్నది.

చెడుగాలి కాదు, దోమ అని 1897లోనే తేలింది. చెడుకులం కాదు, నిలిచిన నీళ్లు అని ఇంకా తేలలేదన్నట్టు మాట్లాడుతున్నారు.

ఓరుగల్లు నీళ్ల లెక్క

మన వరంగల్ దిక్కు చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలపు చెరువులు. వీటికి తోడు ఊరూరికి ఒక చెరువు, రెండు మూడు కుంటలు. ఆ తర్వాత శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాల్వ వచ్చింది. 2016లో జిల్లాను ముక్కలు చేశారు. హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు అని ఇప్పుడు పేర్లు వేరైనా నీళ్లు మాత్రం ఆ చెరువులవే, ఆ వాగులవే.

చెరువు అనంగనే దోమ అనుకోవద్దు. నిండు చెరువులో గాలికి అల లేస్తది, చేపలు తిరుగుతయి. అక్కడ దోమ పిల్ల బతకడం కష్టం. దోమ పుట్టేది చెరువు అంచున నాచు, తూటికాడ పట్టిన చోట. బర్రెల గిట్టలు దిగి పడిన గుంటల్లో. కట్ట కింద ఊట దిగే పల్లంలో. తూము కాడ కారిన నీళ్లలో. మత్తడి దూకి ఆగిపోయిన మడుగులో.

ఇప్పుడు మీ ఊరిని కండ్ల ముందు పెట్టుకోండి. ఆ పల్లంలో ఎవరి ఇండ్లు ఉన్నాయి? మెరక మీద గడి ఉంటది. మెరక మీద గుడి ఉంటది. కచ్చీరు ఉంటది. చెరువు కట్ట కింద, నీళ్లు దిగే చోట, ఊరి నీళ్లన్నీ వచ్చి ఆగే చోట చాలా ఊళ్లల్ల మాదిగవాడ, మాలవాడ ఉంటయి. ఈ జాగా మనం కోరుకున్నది కాదు. ఊరు మనకు చూపించిన జాగా. చాలా ఊళ్లల్ల చెరువు తూము ఎత్తి దించే నీరటి పని చేసింది మనోళ్లే. చెరువు నీళ్లను మడిమడికీ పంచిన చేతులకు ఆ ఆయకట్టులో గుంటెడు భూమి దక్కలేదు. పారకం దొరకు పోయింది. ఊట మన ఇంట్లకు వచ్చింది.

కాల్వ సంగతి చూద్దాం. కాల్వలో నీళ్లు జోరుగా పారుతున్నప్పుడు దోమ పిల్ల నిలవదు, కొట్టుకపోతది. నీళ్లు బందు చేసినంక కాల్వ అడుగున అక్కడక్కడ మడుగులు మిగులుతయి. సిమెంటు చేయని పిల్లకాల్వల పక్కన నీళ్లు ఊరి నిలుస్తయి. నీళ్లు ఎప్పుడు వదలాలె, ఎప్పుడు బందు చేయాలె అని నిర్ణయించేది ఇంజనీర్లు, పెద్ద రైతులు. ఆ మడుగు పక్కన పండేది కూలోళ్లు.

వాగుదీ అదే కథ. వరద వచ్చినప్పుడు దోమ పిల్లలు కొట్టుకపోతయి. వరద తీసినంక ఎక్కడ చూసినా మడుగులే. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది. నీళ్లు ఊర్లో ఉన్నన్ని దినాలు పడవలు, హెలికాప్టర్లు, కెమెరాలు వచ్చినయి. ఏ ఊర్లోనైనా వరద తీసిన పదిహేను దినాలకు జరాల కాలం మొదలైతది. అప్పుడు కెమెరాలు ఉండవు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా పట్టేది వారం నుంచి రెండు వారాలు. ఆ లెక్క తెలిసినోడు వరద తీసిన మర్నాడే మడుగుల వెంట పడతాడు. జరం వచ్చినంక పొగ మిషన్ పట్టుకొని తిరగడు.

వరిపొలం చూడండి. కొత్తగా నాటేసినప్పుడు మడిలో నీళ్ల మీద ఎండ పడుతది. క్యూలిసిఫేసిస్ కు అదే కావాలె. పైరు మోకాలెత్తు దాకా పెరిగి నీడ కమ్మితే అది తగ్గుతది. అంటే మన ఆడోళ్లు నడుములు వంచి నాటేసే దినాల్లోనే ఈ దోమ ఎక్కువగా పుడుతది. మడిని ఎప్పుడూ నిండా ఉంచకుండా మధ్యమధ్య ఆరబెట్టి మళ్లీ తడి పెడితే దోమ పిల్ల చస్తది, నీళ్లూ మిగులుతయి. అయితే ఒక్క మడిలో చేస్తే లాభం లేదు, ఆయకట్టు అంతా ఒక్కసారి చేయాలె. భూమి లేనోనికి ఈ మాట చెప్పి ఏం లాభం? భూమి ఉన్నోనికి చెప్పే ధైర్యం ఏ అధికారికి ఉన్నది?

ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట దిక్కు కోయ గూడేల సంగతి ఇంకో తీరు. గుట్టలు, ఒర్రెలు, వానకాలం తెగిపోయే బాటలు. మెదడుకు ఎక్కే మలేరియాను, అంటే ఫాల్సిపేరం రకాన్ని, అడవి బిడ్డలు ఏండ్ల తరబడి మోశారు. అక్కడ ఒర్రెను పూడ్చలేం, పూడ్చకూడదు. అక్కడ కావలసింది మందు పూసిన దోమతెర, గూడెంలోనే రక్త పరీక్ష, అదే దినం మాత్ర. గూడేనికి వాడకు మధ్య దోమ బాట ఉన్నది. పనికి పోయిన కూలోడు ఆ క్రిమిని రక్తంలో పెట్టుకొని ఇంటికి వస్తడు. అందుకే ఆదివాసీల జరం వేరు, దళితుల జరం వేరు అనుకుంటే రెండు దిక్కులా మనమే చస్తం.

గుంత ఎవరిది?

ఇగ అసలు గుంత దగ్గరికి వద్దాం.

చెరువు దేవుడిచ్చింది అనుకోవచ్చు, వాగు ప్రకృతి అనుకోవచ్చు. గుంత మాత్రం మనిషి తవ్వింది. రోడ్డుకు మట్టి తీసిన గుంత, కాల్వకట్టకు మట్టి తీసిన గుంత, ఇటుక బట్టీ గుంత, మొరం గుంత, గ్రానైటు క్వారీ గుంత. ఇవన్నీ ఎవరో లాభం కోసం తవ్వి, లాభం తీసుకొని, గుంతను వదిలేసి పోయినవి.

ఇది కొత్త సంగతి కాదు. బెంగాల్ లో రైలు కట్టలు, రోడ్డు కట్టలు పోసి నీళ్ల సహజమైన దారులు మూసేయడం వల్లనే మలేరియా పెరిగిందని అక్కడి ప్రజారోగ్య డైరెక్టర్ బెంట్లీ 1925లోనే పుస్తకం రాసి వాదించాడు. తెల్లదొర రైలు కట్ట పోసిన కాడ జరిగిందే నల్లదొర రోడ్డు పోసిన కాడ జరుగుతున్నది.

కాంట్రాక్టరు మట్టి ఎక్కడ తీస్తడు? పటేల్ పొలంలో తీయడు. తీస్తే పటేల్ ఊకోడు. వాడ వెనక పోరంబోకులో తీస్తడు. మన శ్మశానం పక్కన తీస్తడు. మనకిచ్చిన అసైన్డు భూమిలో రాత్రికి రాత్రి తీస్తడు. అడిగితే "గవర్నమెంటు పని" అంటడు. పని అయిపోతది, బిల్లు పాసైతది, గుంత మిగులుతది. ఆ గుంతలో ఒకనాడు పిల్లగాడు మునిగి చస్తడు, ఒకనాడు దోమ పుట్టి పది మందిని పడకేస్తది.

అందుకే అంటున్న: దోమకు కులం లేదు. అది దొరను కూడా కుడుతది. కానీ గుంతకు కులం ఉన్నది. గుంత ఎక్కడ తవ్వాలె, ఎవని ఇంటి వెనక వదిలేయాలె అన్న దాంట్లో కులం ఉన్నది. కుట్టినంక దొరకు జాలీ కిటికీలు ఉన్నయి, కారు ఉన్నది, పట్నంలో దవాఖాన ఉన్నది. మనకు కూలి పోయిన దినాల లెక్క ఉన్నది.

నీళ్ల దగ్గరనే మనల్ని మొదటి నుంచి కొట్టారు. 1927 మార్చి 20న మహాద్ లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేల మందితో పోయి చవ్‌దార్ చెరువు నీళ్లు తాగింది ఎందుకు? పశువులు తాగే నీళ్లు మనిషి తాగొద్దన్నందుకు. 1985 జూలైలో కారంచేడు ఎక్కడ మొదలైంది? మాదిగోళ్లు తాగే నీళ్లను పాడు చేయొద్దు అన్న కాడ. జూలై 17న ఆరుగురు మాదిగ బిడ్డలను నరికి చంపారు. మంచినీళ్లు ముట్టుకోవద్దన్నారు, మన మంచినీళ్లు పాడు చేసినా అడగొద్దన్నారు. ఇప్పుడు ఎవరో తవ్విన గుంత నీళ్లు మన ఇంటి ముందట నిలబెట్టి, ఆ నీళ్లకు మనమే జవాబుదారీ అంటున్నారు. నీళ్ల మీద హక్కు లేని కాడ నీళ్ల పాపం మాత్రం మనది ఎట్లయితది?

మా పక్కింటి సంగతి

మొన్నటి ఆ గుంత కథ ఎట్ల ముగిసిందో చెప్త.

దోమ ఉన్నంత మాత్రాన మలేరియా రాదు. దోమ పుట్టగానే దాని ఒంట్లో క్రిమి ఉండదు. రోగిని కుట్టాలె, క్రిమి దాని కడుపులో పది పన్నెండు దినాలు ముదరాలె, తర్వాత అది ఇంకొకరిని కుట్టాలె. మా వాడ పిల్లగాడొకడు అడవి దిక్కు పనికి పోయి చలిజరం తెచ్చుకున్నడు. రెండు దినాలకు నెమ్మదించింది, మాత్రలు వదిలేసిండు. గుంత దోమలను ఇచ్చింది, పిల్లగాని రక్తం క్రిమిని ఇచ్చింది. నెల తిరిగేసరికి ఏడుగురు పడ్డారు.

అందులో మా పక్కింటి కోడలు ఒకతి. ఐదో నెల. నాట్ల కాలం, కూలి పోతదని జరంతోనే పొలంకు పోయింది. నాలుగు దినాలు సూదులు వేయించుకున్నది, సెలైన్ పెట్టించుకున్నది. రక్తం పరీక్ష ఎవరూ చేయలేదు. ఐదో నాడు బిడ్డ పోయింది. ఆరో నాడు పట్నంలో రక్తం చూస్తే మలేరియా అని తేలింది. గర్భిణికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ గండమని పుస్తకాల్లో రాసే ఉన్నది. ఒక్క చుక్క రక్తం తీసి పావుగంటలో తేల్చే కిట్టు ఉన్నది. ఆశా కార్యకర్త చేతికి ఇవ్వాల్సిన కిట్టు అది. ఆ దినాల్లో మా వాడకు రాలేదు.

ఆమె నన్ను ఒక్క మాట అడిగింది. "అన్నా, నేను ఇల్లు రోజూ అలుకుత, గిన్నెలు మెరిసేటట్టు తోముత. మురికి వల్లనే వచ్చిందంటుండ్రు. నా ఇంట్ల మురికి యాడున్నదో చూపియ్యే." నా దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబు వాడ వెనక నిండుగ, తేటగ, నీలంగ మెరుస్తున్నది.

లెక్కలు తగ్గినయి, గుంతలు తగ్గలేదు

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం పెట్టారు. 1958లో నిర్మూలన అన్నారు. డీడీటీ కొట్టారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగినయి. అయిపోయింది, గెలిచినం అనుకున్నారు. దోమ డీడీటీకి అలవాటు పడ్డది. డబ్బులు, మనుషులు, శ్రద్ధ తగ్గినయి. 1976లో కేసులు 64 లక్షలు దాటినయి. మందు ఒక్కటే నమ్ముకొని నీళ్ల సంగతి వదిలేస్తే ఏమైతదో దేశమంతా చూసింది.

ఇప్పుడు మళ్లీ తగ్గినయి. సర్కారు లెక్క ప్రకారం 2015లో 11 లక్షల 69 వేల కేసులు ఉంటే 2023లో 2 లక్షల 27 వేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా తగ్గిన మాట నిజం. పనిచేసిన ఆశా అక్కలకు, మలేరియా సిబ్బందికి ఆ గౌరవం ఇవ్వాల్సిందే. 2027 నాటికి స్థానికంగా ఒక్క కేసూ రావద్దు, 2030 నాటికి మలేరియా లేని దేశం కావాలని సర్కారు గడువు పెట్టుకున్నది.

అయ్యేదే. శ్రీలంక చేసి చూపించింది. అక్కడా ముఖ్యమైన దోమ ఈ క్యూలిసిఫేసిసే. 1963లో వాళ్లు కేసులను 17 దాకా దించి, గెలిచినమని చేతులు దులుపుకున్నారు. 1968, 69 నాటికి రోగం లక్షల్లో తిరిగొచ్చింది. ఆ దెబ్బతో బుద్ధి తెచ్చుకొని, యుద్ధం నడుస్తున్న ప్రాంతాల్లో కూడా రక్త పరీక్షలు ఆపకుండా చేసుకుంటూ పోయి, 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందారు. అదే దోమ. నీళ్ల మీద, మనుషుల మీద కండ్లు పెట్టినోళ్లు గెలిచారు.

రోగం తగ్గే కొద్దీ మిగిలేది ఎక్కడ? బాట లేని గూడెంలో, పల్లపు వాడలో, బట్టీ కాడి గుడిసెల్లో. చివరి వెయ్యి కేసులు ఎవరివో ఇప్పుడే చెప్పొచ్చు. సున్నా అని రాసుకోవాలని పై నుంచి ఒత్తిడి వస్తే పరీక్ష చేయకుండా సున్నా రాయడం కూడా మనోళ్ల దగ్గరనే జరుగుతది. పరీక్ష చేయని కాడ కేసు ఉండదు. కేసు లేని కాడ గుంత పూడదు.

మన తప్పు కూడా చెప్పుకుందాం

ఎదుటోన్ని అడిగే ముందు మనం కూడా కొన్ని సరిచేసుకోవాలె. ఉద్యమంలో ఉన్నోళ్లం మన తప్పు దాచిపెడితే మన మాటకు విలువ ఉండదు.

జరం రాంగనే సూదికి ఉరుకుతం. రక్త పరీక్ష అడగం. జరం దిగంగనే మాత్రలు బంద్ చేస్తం. వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో దాక్కొని నెలల తర్వాత మళ్లీ లేస్తది. దాన్ని చంపే ప్రైమాక్విన్ మాత్ర డాక్టరు చెప్పినట్టు పద్నాలుగు దినాలూ మింగాలె. గర్భిణికి, ఏడాది లోపు పిల్లలకు ఆ మాత్ర ఇవ్వరు. ఫాల్సిపేరం అయితే మూడు దినాల మందు వేరే ఉన్నది. ఏదైనా డాక్టరు చెప్పినట్టు, పూర్తిగా.

ఇంట్లో మందు కొట్టించుకున్న మర్నాడే గోడ అలుకుతం. అలికితే మందు మట్టి కిందికి పోతది, దోమ చావదు. ఇచ్చిన దోమతెరను చేపలు పట్టడానికి, కోళ్లకు కప్పడానికి వాడుతం. నల్లా దినం తప్పి దినం వస్తది కాబట్టి డ్రమ్ములు నింపుకోక తప్పదు, అది మన తప్పు కాదు. మూత పెట్టకపోవడం మాత్రం మన తప్పు. వారానికి ఒక్కసారి గోళెం, డ్రమ్ము, బర్రెల కుడితి తొట్టి పూర్తిగా ఒంచి, తోమి, ఆరబెడితే డెంగీ దోమ పుట్టదు.

ఇంకొకటి. మోరీల దిగే సఫాయి కార్మికుడు మనోడే. చెప్పులు లేకుండ, చేతులకు తొడుగులు లేకుండ ఊరి మురికి తీసేటోడు మనోడు, మురికోడు అన్న పేరూ మనోనికే. మన సంఘం మీటింగుల్లో కూడా ఆయనను వెనక కూర్చోబెడుతున్నమంటే మనం ముందు మారాలె.

ఏం చేద్దాం?

మొదటి పని చూసుడు. ఒక తెల్ల గిన్నె పట్టుకొని ఆదివారం పొద్దున వాడ చుట్టూ తిరగండి. ప్రతి గుంతలో, మడుగులో, బావిలో నీళ్లు ముంచి చూడండి. కదిలే సన్న పురుగులు కనపడితే అవి దోమ పిల్లలు. నీటి మీద అడ్డంగా, పుల్ల తేలినట్టు పడుకొని ఉంటే అది అనాఫిలిస్. తోక పైకి పెట్టి తలకిందులుగా వేలాడితే క్యూలెక్స్, లేదా ఏడిస్. చదువుకున్న పిల్లలకు ఇది పది నిమిషాల్లో వస్తది. ఏ గుంతలో ఏది ఉన్నదో, ఆ గుంత ఎవరు తవ్విండ్రో, ఏ సంవత్సరం తవ్విండ్రో నోటుబుక్కులో రాయండి. ఈ నోటుబుక్కే మన ఆయుధం.

రెండో పని, మన చేతిలో ఉన్నది చేసుడు. చిన్న గుంతలు మనమే పూడ్చుకోవచ్చు. నీళ్లు బయటికి పోయేటట్టు చిన్న కాల్వ తీయొచ్చు. వాడని బావిలో, పూడ్చలేని క్వారీ గుంతలో గంబూసియా చేపలు వేయించుకోవచ్చు. అవి దోమ పిల్లలను తింటయి. చెరువులో, వాగులో మాత్రం వేయొద్దు, మన చేపల పిల్లలను కూడా తింటయి.

మూడో పని అడుగుడు. ఆ నోటుబుక్కు పట్టుకొని గ్రామసభకు పోవాలె. వాడోళ్లంతా పోవాలె, ఆడోళ్లు ముందుండాలె. ఈ మాటలు రాతపూర్వకంగా ఇవ్వాలె, తీర్మానం రాయించాలె:

ఒకటి, తవ్వినోడే పూడ్చాలె. గుంత పూడ్చినట్టు పంచాయతి రాసిచ్చే దాకా కాంట్రాక్టరుకు చివరి బిల్లు ఇవ్వొద్దు. ఇటుక బట్టీకి, క్వారీకీ ఇదే షరతు.

రెండు, వాడ మోరీ వాడ చివర ఆగొద్దు. ఊరి నీళ్లు తెచ్చి వాడలో వదిలి చేతులు దులుపుకునే మోరీ మోరీ కాదు, దౌర్జన్యం. నీళ్లు బయటికి పోయే దాకా కట్టాలె.

మూడు, వానకాలం మొదలుగాకముందే మందు కొట్టుడు వాడ నుంచి, గూడెం నుంచి మొదలుగావాలె. ఊర్లో మిగిలినంక మనకు కాదు.

నాలుగు, జరం వచ్చిన ఇరవై నాలుగు గంటల్లో రక్త పరీక్ష వాడలోనే జరగాలె. గర్భిణులకు, చిన్న పిల్లలకు ముందు జరగాలె. ఆశా దగ్గర కిట్లు ఉన్నయా లేవా గ్రామసభలో చెప్పాలె.

ఐదు, సఫాయి కార్మికులకు బూట్లు, తొడుగులు, నెలనెలా జీతం.

పైసలు లేవంటరు. ఉన్నయి. 2017లో తెలంగాణలో షెడ్యూల్డ్ కులాలు, తెగల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. మన జనాభా లెక్కన మన కోసం పెట్టాల్సిన పైసలు అవి. ఆ పైసలతో మన వాడ పల్లం మెరక కావాలె. మన పేరు మీద రాసిన పైసలు ఏ రోడ్డుకు పోయినయో, ఆ రోడ్డు కోసం మన వాడ వెనకనే మట్టి తీసిండ్రో లేదో ఆ లెక్క కూడా అడగాలె.

మళ్లీ వానకాలం వస్తది. సారు మళ్లీ వస్తడు. "మీరు సుబ్బరంగ ఉండరు" అని మళ్లీ అంటడు. ఈసారి మనం తల దించుకోవద్దు. ఆయన చేయి పట్టుకొని గుంత కాడికి తోలుకపోదాం. తెల్ల గిన్నె ముంచి ఆయన ముందట పెడదాం. "సారూ, ఇది మా మురికి కాదు. ఇవి మంచినీళ్లు. ఇందులో పుట్టిన దోమ మా బిడ్డను కడుపులనే చంపింది. ఈ గుంత ఎవరు తవ్విండ్రో మా నోటుబుక్కుల ఉన్నది. మీ రిపోర్టుల కూడ రాయండి" అని చెబుదాం.

రాసే దాకా ఆ గుంత గట్టు మీదనే కూర్చుందాం.